నా ఫోన్‌లో ఉన్న నంబర్లు నావి కావు

2020 నవంబరు. తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచి కొద్ది రోజులే అయింది. ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతుంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే అవతల ఒక మగ గొంతు, "తెనాలి వదినగారేనా అండీ?" అంది. అత్తగారి వైపు చుట్టాలెవరో అనుకుని "అవునండీ, మీరెవరు?" అన్నాను. ఆ తర్వాత రెండు నిమిషాలు విన్న మాటలు ఇక్కడ రాయలేను. విషయం మాత్రం ఇది: మా మరిది ఏదో యాప్‌లో ఎనిమిది వేలు అప్పు తీసుకున్నాడు. వారం గడువు దాటింది. సాయంత్రంలోగా నేను కట్టకపోతే అతని ఫొటో మీద దొంగ అని రాసి బంధువులందరికీ పంపుతారు.

ఫోన్ చేసినవాడికి నా పేరు తెలియదు. మా మరిది తన ఫోన్‌లో నా నంబరును "వదిన తెనాలి" అని దాచుకున్నాడు. ఆ రెండు మాటలు పట్టుకునే అతను ఫోన్ చేశాడు. "అమ్మ", "మామయ్య గుంటూరు", "మేనేజర్ సార్" అని ఉన్నవాళ్లకు కూడా అలాగే వెళ్లాయి ఫోన్లు. సాయంత్రానికి ఫొటో కూడా వెళ్లింది. మా అత్తయ్యగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మరిది అప్పట్లో హైదరాబాద్‌లో ఉండేవాడు. లాక్‌డౌన్‌లో జీతం సగమైంది, ఇంటి అద్దె ఆగలేదు. యాప్ పెట్టుకునేటప్పుడు కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగింది. ఇవ్వకపోతే ముందుకు పోదు. ఇచ్చాడు. మేమంతా కలిసి ఆ డబ్బు కట్టేసి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అతన్ని తెనాలి తెచ్చుకున్నాం. ఆ డిసెంబరులో తెలంగాణలో ఇలాంటి వేధింపులకే కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు హైదరాబాద్‌లోనూ గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. పేపర్లో ఆ వార్తలు చదివిన రోజుల్లో మా ఇంట్లో మరిదిని గదిలో ఒంటరిగా వదల్లేదు.

అప్పటి నుంచి నన్ను వదలని విషయం ఒకటుంది. అనుమతి ఇచ్చింది అతను, తిట్లు పడింది నేను. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు.

ప్రైవసీ గురించి మాట్లాడితే మన దగ్గర వెంటనే వచ్చే మాట, "నా దగ్గర దాచడానికి ఏముందండీ?" అని. మా స్టాఫ్‌రూమ్‌లో కనీసం నలుగురు అన్నారు నాతో. ఈ ప్రశ్నే తప్పు అని నేను నమ్ముతున్నాను. నీ దగ్గర దాచుకున్న నీ సంగతులు లేకపోవచ్చు. నిన్ను నమ్మి ఇతరులు ఇచ్చినవి ఉన్నాయి కదా?

మరిది సంఘటన జరిగిన వారంలో నా ఫోన్ తెరిచి కాంటాక్టులు మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఏడు వందల పైచిలుకు. లెక్కల టీచర్‌గా పదకొండేళ్లలో పోగైన తల్లిదండ్రుల నంబర్లే సగం. వాటిని నేను ఏ పేర్లతో దాచుకున్నానో చూస్తే చేతులు వణికాయి. "8బి, అమ్మమ్మ, తల్లి కువైట్‌లో." "10ఎ నాన్న, సాయంత్రం తర్వాత చేయొద్దు, తాగి ఉంటారు." "9ఎ అమ్మ, భర్తకు తెలియకూడదు." ఇవి ఆ కుటుంబాలు టీచర్ కదా అని నాకు చెప్పుకున్న మాటలు. మర్చిపోకుండా ఉండాలని పేరు పక్కన రాసుకున్నాను. కాంటాక్టులు చూడొచ్చని నేను అనుమతి ఇచ్చిన ప్రతి యాప్‌కూ వీటిని చదివే వీలు ఇచ్చినట్టే. ఆ రోజు లెక్కపెడితే అలాంటివి పదహారు ఉన్నాయి. వాటిలో ఒకటి టార్చిలైటు.

పెద్ద కంపెనీలు ఆ అప్పుల ముఠాల్లాంటివి అని నేను అనను. అవి ఫోన్ చేసి వదినగారూ అని బెదిరించవు. కానీ ఒక్క నొక్కుతో ఏడు వందల మంది వివరాలు బయటికి పోయే తలుపును ఫోన్‌లో పెట్టింది వాళ్లే. ఆ తలుపును సగానికి మూయడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో చెప్పింది. ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణాల యాప్‌లు ఫొటోలు, కాంటాక్టులు తీసుకోకూడదన్న గూగుల్ నిబంధన 2023 మే 31 నుంచి అమలైంది. తెలంగాణలో ఆ చావులు జరిగిన రెండున్నరేళ్లకు.

అందుకే వేరే బ్రౌజర్లు, వేరే యాప్‌లు వెతకడం నాకు సాంకేతిక సరదా కాదు. అసలు నాకు ఆ విద్య రాదు, నేర్చుకున్నాను. ప్రతి దాన్నీ ఒకే ప్రశ్నతో చూశాను: నా ద్వారా బయటికి పోయే ఇతరుల నమ్మకం దీనివల్ల ఎంత తగ్గుతుంది?

మొదట మార్చింది బ్రౌజర్. అన్నిటికంటే తేలిక, పైసా ఖర్చు లేదు. ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడగింత (ఎక్స్‌టెన్షన్) చేర్చాను. పావుగంట పని. మర్నాడు ఒక తెలుగు వార్తల సైటులో ఒకే ఒక్క వార్త చదివేసరికి అది అడ్డుకున్న వాటి లెక్క నలభై దాటింది. ప్రకటనలూ, వాటి వెనక నేనెవరో, ఎక్కణ్నుంచి వచ్చానో, ఎంతసేపు చదివానో రాసుకునే కోడూ అన్నీ కలిపి. ఫైర్‌ఫాక్స్ ఏ సైటు పెట్టిన కుకీని, అంటే మనల్ని గుర్తుపట్టడానికి అది మన ఫోన్‌లో దాచే చీటీని, ఆ సైటుకే పరిమితం చేస్తోంది. చీరల దుకాణం సైటులో మీరు చూసింది వంటల సైటుకు వెళ్లేసరికి తెలిసిపోయే దారుల్లో ప్రధానమైనది అలా మూసుకుపోతుంది. ఇంకో సంగతి, ఇది తెలుగులో ఉంది. సెట్టింగ్స్‌ను "అమరికలు" అని చూసినప్పుడు మా పిల్లలకు చూపించాను. ఆ మాటలు పెట్టింది జీతాల మీద పనిచేసేవాళ్లు కారు, తెలుగు మీద ప్రేమతో స్వచ్ఛందంగా చేసినవాళ్లు.

"క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ఉంది కదా, అది చాలదా?" అని అడుగుతారు. చాలదు. అది మీ ఫోన్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది, మీ ఇంట్లోవాళ్లకు కనబడకుండా చేస్తుంది. అవతలి సైటుకూ, అందులో ప్రకటనలు పెట్టే కంపెనీకీ మీరు వచ్చిన సంగతి తెలియకుండా చేయదు. దీని మీద 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు పడింది. 2024లో రాజీ వివరాలు బయటికొచ్చినప్పుడు వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరపడానికి అన్ని ఉన్నాయంటే, దాచారనే కదా.

ఫైర్‌ఫాక్స్‌ను కూడా కళ్లు మూసుకుని నమ్మమనను. దాన్ని నడిపే మొజిల్లాకు వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ ఇచ్చేదే, సెర్చ్‌ను ముందుగా గూగుల్‌గా ఉంచినందుకు. 2025 ఫిబ్రవరిలో వాడుక నిబంధనల్లో మాటలు మార్చి, జనం గొడవ చేస్తే మళ్లీ సరిచేశారు. ఇవన్నీ తెలిసే వాడుతున్నాను. క్రోమ్ మాత్రం ప్రకటనలతో బతికే కంపెనీ చేసిన బ్రౌజర్. కంప్యూటర్లోని క్రోమ్ కొత్త నియమాల వల్ల పాత యూబ్లాక్ ఆరిజిన్ 2024, 25లలో అందులో పనిచేయకుండా పోయింది. ఫోన్‌లోని క్రోమ్‌లో పొడగింతలకు చోటే లేదు. ప్రకటనలు అమ్ముకునేవాళ్లు ప్రకటనలు ఆపే పరికరాన్ని ఇష్టంగా ఉంచుతారని ఎదురుచూడటం అత్యాశ.

"ఇష్టం లేకపోతే మార్చుకోవచ్చుగా, ఎవరు వద్దన్నారు?" అనే వాదన కూడా ఉంది. మా తమ్ముడు, ఐటీలో ఉంటాడు, ఎప్పుడూ ఇదే అంటాడు. వాడికి నా జవాబు ఒక అంకె. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండటానికి గూగుల్ 2021లో ఒక్క ఏడాదిలో 2,600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. 2024 ఆగస్టులో గూగుల్‌ది గుత్తాధిపత్యమని అమెరికా కోర్టు తీర్పు ఇచ్చిన కేసులో బయటపడ్డ లెక్క ఇది. జనం ఎలాగూ తమకు నచ్చినట్టు మార్చుకునేవాళ్లే అయితే ఇంత డబ్బు ఎవరైనా ఎందుకు పోస్తారు? మనం మార్చుకోబోమని వాళ్లకు బాగా తెలుసు.

సెర్చ్ దగ్గర నేను పూర్తిగా గెలవలేదు. గూగుల్ సెర్చ్‌కు బదులు వాడే డక్‌డక్‌గో ఇంగ్లిష్‌లో వెతికితే బాగుంటుంది. తెలుగులో "ఐదో తరగతి భిన్నాలు" అని వెతికితే చాలాసార్లు పనికొచ్చేది రాదు. తెలుగు వెతుకులాటకు ఇప్పటికీ గూగులే వాడుతున్నాను, లాగిన్ కాకుండా.

ఇక కీబోర్డు. ఇంగ్లిష్‌లో ఈ విషయం మీద నేను చదివిన ఏ వ్యాసమూ దీని దగ్గర ఆగలేదు, ఎందుకంటే వాళ్లకు అక్కడ సమస్య లేదు. మనకు ఉంది. తెలుగు టైప్ చేయాలంటే మనలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే కీబోర్డు వాడతాం, లేదా మాట్లాడి రాయిస్తాం. కొత్త కీబోర్డు పెట్టినప్పుడల్లా ఆండ్రాయిడ్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: మీరు టైప్ చేసేదంతా, పాస్‌వర్డులతో సహా, ఇది సేకరించగలదు అని. ఎవరం చదవం. స్టిక్కర్లు బాగున్నాయనీ, రంగులు బాగున్నాయనీ పేరు తెలియని కంపెనీల కీబోర్డులు పెట్టుకుంటాం. బ్యాంకు పిన్ అయినా, అమ్మకు రాసిన కష్టం అయినా, ఆ పదో తరగతి నాన్న గురించి హెడ్‌మాస్టర్‌గారికి నేను పంపిన సందేశం అయినా ఆ మీటల మీదుగానే వెళ్తుంది.

నేను హెలీబోర్డ్ అనే దానికి మారాను. అది ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతుంది. కోడు బహిరంగంగా ఉన్న యాప్‌లను ఉచితంగా ఇచ్చే స్టోరు అది, 2010 నుంచి ఉంది. హెలీబోర్డ్‌కు ఇంటర్నెట్ వాడే అనుమతే లేదు. పంపాలనుకున్నా పంపలేదు. నాకు నచ్చింది అదే. మాట మీద నమ్మకం పెట్టుకోవాల్సిన పని లేదు, దారే లేదు కాబట్టి. కష్టం కూడా చెప్పాలి: అందులో తెలుగు అక్షరాల వరసే నేర్చుకోవాలి. మొదటి రెండు వారాలు ఒక వాక్యానికి ఐదు నిమిషాలు పట్టింది, ఒత్తులు ఎక్కడున్నాయో తెలియక విసుగొచ్చింది. ఇప్పుడు ఈ వ్యాసంలో సగం దానితోనే కొట్టాను. మిగతాది కంప్యూటర్‌లో, లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటుతో.

అత్తయ్యగారి ఫోన్‌లో మాత్రం మార్చలేదు. ఆవిడ చదివింది మూడో తరగతి. గూగుల్ కీబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయి. చెల్లెలికి ఉత్తరం రాయడానికి జీవితమంతా ఎవరో ఒకరి సాయం అడిగిన మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో తన మాట తానే రాసి పంపుకుంటోంది. అంత బాగా తెలుగు వినే మరో కీబోర్డు నాకు దొరకలేదు. దొరికేదాకా ఆ మైకును ఆవిడ దగ్గర్నుంచి తీసేసే హక్కు నాకు లేదు. అన్నీ వదిలేయాలి, లేకపోతే దండగ అని రాసేవాళ్లతో నాకు ఇక్కడే పడదు.

వాట్సాప్ విషయంలో న్యాయంగా మాట్లాడాలి. అందులో సందేశం లోపల ఏముందో దారిలో ఎవరూ చదవలేరు. 2016లో అందరికీ వచ్చిన ఆ తాళం సిగ్నల్ అనే మరో మెసేజ్ యాప్ వాళ్లు తయారుచేసిందే. కానీ ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారన్నది ఆ తాళం పరిధిలోకి రాదు. కాంటాక్టులకు అనుమతి ఇస్తే నంబర్ల జాబితా వాళ్ల సర్వర్లకు వెళ్తుంది, వాట్సాప్ వాడనివాళ్ల నంబర్లతో సహా. సిగ్నల్‌కు 2016లో అమెరికా గ్రాండ్ జ్యూరీ నుంచి రెండు నంబర్ల వివరాలు ఇమ్మని ఆదేశం వస్తే, వాటిలో ఖాతా ఉన్న నంబరు గురించి వాళ్లు ఇవ్వగలిగింది రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్టయిన తేదీ. వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు. దాన్ని నడిపేది లాభం కోసం కాని సంస్థ. దాని ఫౌండేషన్‌కు 2018లో 5 కోట్ల డాలర్లు ఇచ్చి నిలబెట్టిన బ్రయాన్ ఆక్టన్ వాట్సాప్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరు. తాను కట్టిన ఇంట్లోంచి బయటికొచ్చి ఆయన దీని పక్కన నిలబడటం నాకు చాలా చెబుతుంది.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టినప్పుడు మా ఇంట్లో ఐదుగురం సిగ్నల్‌కు మారాం. ఆ షరతుల మీదే భారత పోటీ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకు 213 కోట్ల జరిమానా వేసింది. మా ఐదుగురిలో మరిది మొదటివాడు. బడి గ్రూపు మాత్రం వాట్సాప్‌లోనే ఉంది. కూలికి వెళ్లే తల్లిదండ్రులను ఇంకో యాప్ పెట్టుకోమని నేను అడగలేను, వాళ్ల ఫోన్లలో చోటే ఉండదు. అందుకు నేను కనిపెట్టిన ఉపాయం ఇది. షెల్టర్ అనే యాప్‌తో నా ఫోన్‌లోనే వేరే గది లాంటిది చేసుకున్నాను. వాట్సాప్ ఆ గదిలో ఉంటుంది. ఆ గదిలో ఉన్న కాంటాక్టులు అరవై, ఈ ఏడాది నా క్లాసువి. వాటి పేర్లు కూడా "8బి 14" లాంటివే. కువైట్, తాగుడు, భర్త, ఏవీ అక్కడ లేవు. అవన్నీ ఇప్పుడు బీరువాలో ఒక నోటుబుక్కులో ఉన్నాయి.

ఫోనే మార్చేసుకోవడం గురించి చాలా చదివాను. ఫోన్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ బదులు వేసుకునే గ్రాఫీన్ఓఎస్ గట్టిదని తెలిసినవాళ్లంతా అంటారు, నాకూ నమ్మకం కుదిరింది. దానిలో ఒక్కో యాప్‌కు ఏ కాంటాక్టులు చూపాలో ఎంచుకోవచ్చు, నేను షెల్టర్‌తో పడ్డ తిప్పలు ఉండవు. కానీ నేటికి అది నడిచేవి గూగుల్ వాళ్ల పిక్సెల్ ఫోన్లు. గూగుల్‌కు దూరం జరగడానికి గూగుల్ ఫోనే కొనాలి, అదీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా నా బడ్జెట్‌కు ఎక్కువ. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు గూగుల్ ముద్ర ఉన్న ఆండ్రాయిడ్ కాకపోతే తెరుచుకోవు. నా జీతం ఖాతా, బడి హాజరు, యూపీఐ మూడూ రోజూ ఫోన్‌లోనే నడవాలి. టెన్షన్ పడుతూ వాడే ఫోన్ నాకొద్దు. కాబట్టి మార్చలేదు. విలేకరి అయినా, ఎవరైనా వెంటపడుతున్న ఆడపిల్ల అయినా అయితే అప్పు చేసైనా కొనమంటాను.

చిన్నవి కొన్ని. దారి చూసుకోవడానికి ఆర్గానిక్ మ్యాప్స్ వాడుతున్నాను. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ట్రాఫిక్ మాత్రం చూపించదు. దాని కింద ఉన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా రాయొచ్చు, మా బడికి వెళ్లే కాలవగట్టు దారిని నేనే గీశాను. ఫొటోలకు ఎంటే. మన దేశం వాళ్లు మొదలుపెట్టింది, మలయాళంలో ఆ మాటకు "నాది" అని అర్థం. మెయిల్ ఒకటి ప్రోటాన్‌లో తెరిచాను కానీ పాత జీమెయిల్ ఇరవై చోట్ల ఇచ్చి ఉన్నాను, అది ఇప్పట్లో తేలేది కాదు.

"ఇప్పటికే అన్నీ వెళ్లిపోయాయి, ఇప్పుడు మూసి ఏం లాభం?" అని మా హెడ్‌మాస్టర్‌గారు అడిగారు. నేను ఎక్కువ ఆలోచించిన ప్రశ్న ఇదే. ప్రతి జూన్‌లో నా క్లాసుకు కొత్తగా అరవై మంది వస్తారు. వాళ్ల నంబర్లు ఇంకా ఎక్కడికీ వెళ్లలేదు. పాత నంబర్లలో చాలా వాటికి ఇప్పుడు ఫోన్ చేస్తే వేరేవాళ్లు ఎత్తుతున్నారు. సమాచారం పాలలాంటిది, పాతదైతే విరిగిపోతుంది. కంపెనీలకు కావాల్సింది ఈరోజు పాలు. అవి పోయడం ఈరోజే ఆపొచ్చు.

ఇదంతా మనుషులు ఒక్కొక్కరే చేసుకోవాలా అంటే, వద్దు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. డేటా రక్షణ చట్టం రావడానికి 2023 ఆగస్టు దాకా పట్టింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలకు ఇంకా 18 నెలల గడువు ఇచ్చారు. చట్టంలో ప్రధానమైన మాట సమ్మతి. యాప్ నన్ను అడుగుతుంది, నేను సరే అంటాను. నా ఫోన్‌లో ఉన్న ఏడు వందల మందిని ఎవరు అడుగుతారు? ఆ మధ్యాహ్నం "తెనాలి వదినగారిని" ఎవరు అడిగారు?

మా రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. పదో తరగతి హాల్ టికెట్లు కూడా అందులో వచ్చాయి. సచివాలయం చుట్టూ రోజంతా తిరిగే పని తప్పిందని మా పిల్లల తల్లులు సంతోషించారు, నేను కాదనను, నాకూ సంతోషమే. హాల్ టికెట్లు వెబ్‌సైటులోనూ ఉన్నాయి. ఆ రెండో దారి ఎప్పటికీ ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఏదో ఒక ఏడాది "వాట్సాప్‌లో చూసుకోండి" అన్నదొక్కటే జవాబైతే, ఒక విదేశీ కంపెనీ షరతులకు ఒప్పుకోవడం పౌరసేవకు టికెట్టు అవుతుంది. రెండో దారికి ఖర్చు తక్కువ. అది ఫోన్‌లో తేలిగ్గా తెరుచుకునే మంచి తెలుగు వెబ్‌సైటైతే చాలు.

మొన్న సంక్రాంతికి మరిది వచ్చాడు. ఇప్పుడు గుంటూరులో పని, పెళ్లి కూడా కుదిరింది. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, "ఏరా, నీ ఫోన్‌లో నా పేరు ఇప్పుడేమని ఉంది?" అని అడిగాను. సిగ్గుపడుతూ చూపించాడు. "వదిన తెనాలి" అనే ఉంది. "మార్చేయమంటారా వదినా?" అన్నాడు. వద్దన్నాను. అతను నన్ను అలా పిలవడంలో తప్పేముంది? ఫోన్ ఇటివ్వమని అమరికల్లో అనుమతుల దగ్గరికి వెళ్లి, కాంటాక్టులు నొక్కాను. పదకొండు యాప్‌లకు అనుమతి ఉంది. ఒక్కొక్కటే చదువుతూ, ఇది ఎందుకురా, ఇది ఎందుకురా అని అడిగాను. తొమ్మిదింటికి అతని దగ్గర జవాబు లేదు. తొమ్మిదీ తీసేశాం. కాబోయే తోడికోడలి ఫోన్ కూడా ఈ ఉగాదికి తెస్తానన్నాడు.